ఐదో హెల్మెట్

శంషాబాద్ దాటి హిమాయత్ సాగర్ దిక్కు పోతుంటే ఎడమ చేతికి ఒక సందు వస్తది. ఆ సందు మూల మీద రాత్రి పూట బండి ఆపొద్దు... ఎయిర్‌పోర్టు కాడ క్యాబ్ నడిపేటోళ్లల్ల ఈ సంగతి ఎరుక లేనోడు లేడు.

ముందుగాల గట్ల లేకుండె. మూల మీద నాలుగు జామాయిల్ చెట్లు ఉండేవి. తెల్లటి మాన్లు, మూడంతస్తుల ఇంటిని మించిన ఎత్తు. ఒక కిరాయికి ఇంకో కిరాయికి నడుమ రెండు గంటలు దొరికితే మేమంత అక్కడనే బండ్లు పెట్టుకొని కునుకు తీసేటోళ్లం.

పోయినేడు ఎండకాలంల ప్లాట్లోళ్లు ఎవరో ఆ చెట్లు కొట్టించిన్రు. రెండు రోజులల్ల మూడు పడ్డయి. మూడోదాని కొన... పైకెక్కినోడు నరికితే, కింద ఉన్న అనంతయ్య అనే కూలి మీద పడ్డది. తలకు హెల్మెట్ లేదు. కాళ్లకు చెప్పులు గూడ లేవంట. దవాఖానకు తీస్కపోయేదాక గూడ పాణం ఆగలె. కొట్టేటోళ్లు గొడ్డళ్లు అక్కడనే పడేసి ఉరికిన్రు. నాలుగో చెట్టు గట్లనే మిగిలింది.

అటెనక మొదలైంది.

మావోడు ఒకడు అర్ధరాత్రి బండిల పండుకున్నడు. చెట్టు చుట్టు ఎవరో నడుస్తున్న చప్పుడు. ఒక్క చుట్టు... ఇంకో చుట్టు... ఆగకుండ. లోపల్లోపల ఏదో గొణుగుడు. ఊదుబత్తీల వాసన. లైట్లు ఏసి చూసిండు — ఎవ్వరు లేరు. ఇంకొకనికి గంతే. ఇంకొకనికి గంతే. నేను దెయ్యాలను నమ్మేటోణ్ని కాదు. అయినా ఒక రాత్రి ఆ మూల కాడ అద్దం దించంగనే ఊదుబత్తీల వాసన గుప్పుమన్నది. టోల్ గేట్ వచ్చేదాక అద్దంల ఎనకకు చూడలె.

ఇగ అసలు ముచ్చట. ఇది నాకు గోవర్ధన్ అన్న చెప్పిండు. కాటేదాన్‌ల మా గల్లీలనే ఉంటడు. ఇండ్ల నడుమ ఇరుక్కున్న పెద్ద పెద్ద చెట్లను ముక్కలు ముక్కలుగ కిందికి దించుడు ఆయన పని. ఇరవై ఏండ్ల సంది అదే పని. మాట తక్కువ మనిషి, గప్పాలు కొట్టడు. అందుకే నమ్మిన.

ఆ మిగిలిన చెట్టును ఆనుకొని కొత్తగ కట్టుకున్న ఇల్లు స్వర్ణలతది. ఆమె దవాఖానల నర్సు. భర్త జీవన్‌కు ఎయిర్‌పోర్టు కార్గోల డ్యూటీ. మూడేండ్ల బిడ్డ ఉన్నది. మోరీ కాలువ కోసమని ఎవరో చెట్టు మొదట్ల మన్ను తవ్విన్రు, వేర్లు తెగినయి. వానలు పడ్డంక చెట్టు ఇంటి దిక్కు ఒరిగింది. బిడ్డ పండుకునే అర్ర మీదికి ఒక పెద్ద కొమ్మ వంగి ఉండేది. గాలి లేని రాత్రి గూడ కిర్రు... కిర్రు... మనేదంట. జీవన్ డ్యూటీకి పోయినంక ఆమె బిడ్డను సంకనేసుకొని ముందటర్రల కూసునేది, తెల్లారేదాక.

గొడ్డళ్లు పట్టుకొని ఇద్దరు ముగ్గురు వచ్చిన్రు. ఒక్క పూటల పడగొడ్తమన్నరు. మనిషి కిందవడితే ఎట్ల అని ఆమె అడిగితే నవ్విన్రు. అనంతయ్య సంగతి ఆమె విన్నది. దవాఖానల అసుంటోళ్లను స్ట్రెచర్ మీద చూసిన మనిషి. వద్దని పంపేసింది. తెలిసినోళ్లను, తెలవనోళ్లను అడిగి అడిగి, ఆఖరికి గోవర్ధన్ అన్నను పట్టుకున్నది.

అన్న పగటిపూట వచ్చి చెట్టు చుట్టు తిరిగిండు. చెక్క సుత్తెతోని మాను మీద కొట్టి చెవి పెట్టి విన్నడు. మొదట్ల ఇనుప చువ్వ గుచ్చితే... జానెడు లోపలికి దిగింది. లోపలంత పుచ్చింది.

"దీన్ని నరకొద్దు అక్కా, దించాలె," అన్నడు. "ఈ వారంలనే దించాలె."

చెయ్యాల్సినయి అన్నీ చెప్పిండు. చెట్టు తీసేటందుకు సర్కారు కాగితం ఉండాలె. కరెంటోళ్లు తీగెలు బంద్ చెయ్యాలె. ఆ రాత్రి ఇంట్ల ఒక్క మనిషి ఉండొద్దు. ఆమె అన్నీ చేసింది. రోడ్డు మీద పగలంత ఎయిర్‌పోర్టు బండ్లు ఆగవు కాబట్టి, సగం రోడ్డు మూసేందుకు పోలీసోళ్లు రాత్రి పదకొండు నుంచి నాలుగు దాకనే ఒప్పుకున్నరు.

గట్ల... ఆ మూలకు, ఆ చెట్టు కిందికి, రాత్రి పూట పోవాల్సి వచ్చింది.

*

నలుగురు మనుషులను తీస్కపోయిండు. తాడు పట్టే కొండల్, పదేండ్ల సంది అన్న ఎంబడే ఉన్నోడు. జగదీశ్, మల్లేశ్వర్, ఇంకా టెంపో నడిపే ఆయన. అందరికీ పసుపుపచ్చ హెల్మెట్లు, వాటి మీద మెరిసే పట్టీలు. బూట్లు లేనోన్ని బండి దిగనియ్యడు అన్న.

చెట్టు చుట్టు సున్నంతోని పెద్ద గీత గీసిన్రు. మోటరు రంపం నడిచేటప్పుడు గీత లోపల ఎవ్వరు ఉండొద్దు. అన్నకు ఒక అలవాటు ఉన్నది — కొమ్మ కోసే ముందు రంపం బంద్ చేసి, నెత్తి మీద లైటు కిందికి తిప్పి, హెల్మెట్లు లెక్కపెడ్తడు. నాలుగూ గీత బయట ఉంటే కొండల్ విజిల్ ఊదుతడు. అప్పుడే కోస్తడు.

పదకొండున్నరకు కరెంటు పోయింది. సందు సందంత చీకటి.

కొండల్ తాడు సర్దుకుంట అన్న కాడికి వచ్చి చెవిల చెప్పిండంట, ఛాయ్ దుకాణమోడు ఏమన్నడో. ఆ చెట్టు మీద చెయ్యేస్తే అనంతయ్య ఊకోడు అన్నడంట. అన్న నడుముకు బెల్టు కట్టుకొని పైకెక్కిండు.

మొదటి కొమ్మ. కిందికి చూసిండు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. విజిల్. కోసిండు. రెండో కొమ్మ, మూడో కొమ్మ... గట్లనే. తాడుకు కట్టిన కొమ్మలను కొండల్ మెల్లమెల్లగ కిందికి ఇడిసిండు. పోయినేడు కొట్టిన చెట్టు మొద్దు ఒకటి గీత బయట ఉంటే, తాడును దానికే చుట్టుకున్నడు.

పన్నెండున్నర అయింది. నాలుగో కొమ్మ.

రంపం బంద్ చేసి కిందికి చూసిండు. చీకట్ల హెల్మెట్ల పట్టీలు మాత్రమే మెరుస్తున్నయి. ఒకటి... రెండు... మూడు... నాలుగు...

ఐదు.

ఐదోది గీత లోపల ఉన్నది. చెట్టు మొదలు కాడ. కదలకుండ.

"గీత లోపల ఎవరు?" అని అరిచిండు.

అప్పుడే నెత్తి మీదికెళ్లి విమానం దిగింది. ఆ మోతల మాట వినబడలె. దాని లైటు సందు మీద పడి పోయింది. ప్రహరీ గోడ మీద నాలుగు నీడలు ఉరికినయి... నాలుగే. మళ్ల చీకటి.

మళ్ల లెక్కపెట్టిండు. నాలుగు.

కళ్లు మండుతున్నయి, రంపం పొడి పడ్డదేమో అనుకున్నడు. కొండల్‌ను అడిగితే అందరం బయటనే ఉన్నం అన్నడు. అయినా అన్నకు మనసు ఒప్పలె. తాడు మీద కిందికి దిగిండు.

దిగంగనే ముక్కుకు తగిలింది. పచ్చి జామాయిల్ వాసన నడుమ... ఊదుబత్తీల వాసన.

టార్చి పట్టుకొని గీత ఎంబడి నడిచిన్రు. ఒక కాడ సున్నం చెదిరింది. అక్కడ అడుగులు ఉన్నయి. లోపలికి వచ్చినయి, మళ్ల బయటికి పోయినయి. బూట్లయి కావు.

ఉత్త కాళ్లయి.

కొండల్ టార్చిని ఆ అడుగుల మీదనే పట్టిండు.

"ఆయనకు చెప్పులు లేవంట కదన్నా... ఆ రోజు."

చేతికున్న తాయెత్తును పట్టుకున్నడు. మల్లేశ్వర్ అప్పటికే టెంపో దిక్కు రెండడుగులు ఏసిండు. ఇగ పోదాం, పొద్దున చూద్దాం అన్నరు. అన్నకు గూడ పోవాలనే ఉండెనంట. కానీ పోయేటట్టు లేదు. ఇంటి దిక్కు కాని కొమ్మలన్నీ కోసేసిండు. ఇప్పుడు బరువంత ఇంటి దిక్కే ఉన్నది. మొదలు పుచ్చింది. సాగర్ దిక్కుకెళ్లి గాలి లేస్తున్నది. గట్ల ఇడిసిపోతే తెల్లారేసరికి చెట్టు ఇంటి మీద పడ్తది, లేకుంటే తీగెలను తెంపుకొని రోడ్డు మీద పడ్తది.

"అడుగుంటే మనిషే," అన్నడు అన్న. ఎవరికి చెప్పిండో... వాళ్లకో, తనకో.

అడుగులు పోయిన దిక్కు గోడ కాడ మల్లేశ్వర్‌ను నిలబెట్టిండు. ఎవ్వరిని రానియ్యొద్దు అన్నడు. మళ్ల పైకెక్కిండు.

*

బిడ్డ అర్ర మీదికి వంగిన కొమ్మ అన్నింటికన్న పెద్దది. మనిషి రెండు చేతులు చుట్టినా అందదు. దాన్ని పైన కట్టి, కోసి, ఇంటి మీదికెళ్లి మాను దిక్కు ఊగనిచ్చి, మెల్లగ దించాలె. ఆ రాత్రి అసలు పని అదే.

కట్టిండు. ఒకటికి రెండుసార్లు ముడి చూసుకున్నడు. రంపం బంద్ ఉన్నది. అంత నిశ్శబ్దం. కింద నుంచి ఒక్కటే చప్పుడు... ఎండుటాకుల మీద ఎవరో మెల్లగ అడుగేసినట్టు.

లైటు కిందికి తిప్పిండు.

ఒకటి. రెండు. గోడ కాడ మల్లేశ్వర్, మూడు. మొద్దు కాడ కొండల్, నాలుగు.

ఇంకొకసారి లెక్కపెట్టిండు. నాలుగే.

విజిల్ వినబడ్డది. రంపం తాడు గుంజిండు.

పావు వంతు తెగింది. సగం తెగింది. దూరంగ ఇంకో విమానం మోత మొదలైంది. దగ్గరికి వస్తున్నది. కొమ్మ కొంచెం కిందికి జారినట్టయింది. ఇంకొన్ని క్షణాలు కోస్తే అయిపోతది.

అప్పుడు కిందికి చూడాల్సిన పని లేదు. విజిల్ పడ్డంక ఎన్నడు చూడలేదంట. ఎందుకు చూసిండో ఇప్పటికీ చెప్పలేడు. మెడ మీద ఎవరో చూస్తున్నట్టు అనిపించింది అన్నడు... గంతే.

చూసిండు.

ఐదోది. ఈసారి మొదలు కాడ కాదు. సరిగ్గ కొమ్మ దిగే చోట. రెండు చేతులు దగ్గరికి పెట్టుకొని నిలబడ్డది. హెల్మెట్ కింద అంత నలుపు. ముఖం లేదు. భుజాలు లేవు.

రంపం బంద్ చేసిండు.

కానీ చెట్టు ఆగలె. టప్... మన్నది. లోపల నారలు తెగుతున్నయి. టప్... టప్...

అరిచిండు. విమానం సరిగ్గ నెత్తి మీద ఉన్నది, ఆయన అరుపు ఆయనకే వినబడలె. కొండల్ తాడు ఇడిసేందుకు తయారుగ ఉన్నడు. కొమ్మ ఊగంగనే ఇడుస్తడు, ఎప్పుడూ చేసినట్టే. కొమ్మ నేరుగ కిందికి పోతది. ఆ నల్లటి దాని మీదికి.

దెయ్యమైతే ఏం కాదు. మనిషైతే...?

నెత్తి మీద లైటును కొండల్ ముఖం మీదికి తిప్పిండు. చెయ్యి అడ్డం పెట్టి తీసిండు. పెట్టి తీసిండు. పెట్టి తీసిండు. అది వాళ్లిద్దరికే తెలిసిన గుర్తు... ఇడవకు.

కొమ్మ తెగింది.

మాను మొత్తం ఊగింది. అన్న బెల్టుతో సహా పోయి మానుకు కొట్టుకున్నడు. భుజం మొద్దుబారింది. తాడు బిగుసుకొని గీ మన్నది. లైటు ఎటో తిరిగిపోయింది. కింద అంత చీకటి.

విమానం పోయింది.

ఇగ చప్పుడే లేదు. కొమ్మ నేలకు తాకిన చప్పుడు గూడ లేదు. తాడు మాత్రం సన్నగ ములుగుతున్నది. ఇరవై ఏండ్లల్ల ఎన్నడు గట్ల కాలేదంట... లైటు కిందికి తిప్పే ధైర్యం రాలె. ఏం కనబడ్తదో అని. కండ్లు మూసుకొని మానును కరుసుకొని ఉన్నడు. చెంప కింద మాను చల్లగ, తడిగ ఉన్నది.

శానసేపయినంక లైటు తిప్పిండు.

కొమ్మ గాలిల వేలాడుతున్నది. కొండల్ వెల్లకిల పడి తాడును రెండు కాళ్లతోని, చేతులతోని పట్టుకున్నడు. జగదీశ్, టెంపో ఆయన కొండల్ మీద పడి పట్టుకున్నరు. గోడ కాడికెళ్లి మల్లేశ్వర్ ఉరికొస్తున్నడు. కొమ్మ చివరి ఆకులు... ఆ హెల్మెట్‌ను తాకుతున్నయి. మెల్లగ అటు, ఇటు. అటు, ఇటు.

అది అక్కడనే నిలబడ్డది. ఒక్క అడుగు జరగలె.

అప్పుడు ఆ హెల్మెట్ మెల్లగ ఎనకకు వంగింది. మొదటిసారి పైకి చూసింది.

లైటు ముఖం మీద పడ్డది.

ఆడమనిషి. యాభై ఏండ్లు ఉంటయి. హెల్మెట్ పెద్దగయి చెవుల దాక దిగింది. నల్లటి గొంగడి కప్పుకున్నది. కండ్లు ఆర్పకుండ ఆయననే చూస్తున్నది.

*

గోవర్ధన్ అన్న ఎట్ల దిగిండో ఆయనకే యాది లేదు. గీత లోపలికి ఉరికి, ఆమె రెక్క పట్టుకొని బయటికి గుంజిండు. చెయ్యి వెచ్చగ ఉన్నది. మనిషి చెయ్యి.

"సచ్చిపోతుంటివి కదమ్మా," అన్నడు. "ఎవరు నువ్వు? ఎందుకు నిలబడ్డవ్ ఆడ?"

ఆమెకు కొండల్ నీళ్లు తాపిండు. తాడు రాపిడికి ఆయన అరచేతుల తోలు ఊడిపోయింది, సీసా మీద రక్తం అంటింది. అది చూసి ఆమె ఏడ్చింది.

టెంపోల కూసోబెట్టినంక కొద్దికొద్దిగ చెప్పింది. పేరు ముత్తమ్మ. అనంతయ్య పెండ్లాం. దగ్గరల్ల ఉన్న ఒక గోదాముల ఊడ్చే పని. పది గంటలకు పని దిగినంక, దినాం రాత్రి ఈ మూలకు వస్తది. ఆయన పోయిన చోటు ఇదేనాయె. ఊదుబత్తీలు ముట్టించి, చెప్పులిడిసి, మిగిలిన చెట్టు చుట్టు తిరుగుకుంట ఆయనతోని మాట్లాడుతది. బండ్ల లైట్లు పడితే సిగ్గయి గోడ చాటుకు పోతది. ఎవరన్న అడిగితే ఏం చెప్తది?

ఇన్ని దినాలు మేము అద్దాలెక్కించుకొని ఉరికింది... ఆమెను చూసి.

ఆ రాత్రి గూడ గట్లనే వచ్చింది. టెంపో వెనక ఒక హెల్మెట్ ఎక్కువ ఉంటే తీసి పెట్టుకున్నది, అది లేకుంటే లోపలికి రానియ్యరని. ఒకసారి నిలబడి, విమానం లైటు పడంగనే మాను చాటుకు జరిగి, అన్న దిగుతుంటే గోడ దూకి పోయింది. అన్న వాళ్లు అడుగులు చూస్తున్నప్పుడు ఇంటి చుట్టు తిరిగొచ్చి నీళ్ల ట్యాంకు ఎనక కూసున్నది. మల్లేశ్వర్ ఆ గోడ కాడనే నిలబడె. ఈ దిక్కు చూసేటోడు లేడు.

అదంత చెప్పింది కానీ, ఎందుకు నిలబడ్డదో చెప్పలె. అన్న మళ్ల అడగలె. టైము రెండు దాటింది. జగదీశ్‌ను ఆమె పక్కన కూసోబెట్టి, ఈసారి టార్చితోని ఇంటి చుట్టంత వెతికి, పైకెక్కిండు. భుజం నొస్తుంటే ఎడమ చెయ్యితోనే కోసిండు. కొండల్ చేతులకు బట్టలు చుట్టుకొని తాడు పట్టిండు. వేలాడే కొమ్మను దించిన్రు. మానును ముక్క ముక్కగ దించిన్రు. నాలుగు కొట్టేసరికి మొదలు దాక అయిపోయింది. ఇంటి పెంకు ఒక్కటి పగలలె. గోడకు గీత పడలె. పొద్దున స్వర్ణలత బిడ్డను ఎత్తుకొని వచ్చి, చెట్టు లేని జాగల ఆకాశాన్ని చూసుకుంట శానసేపు నిలబడ్డదంట.

కానీ అంతకన్న ముందు, ఇంకా చీకటి ఉండంగనే, ముత్తమ్మ టెంపో దిగింది. సామాను సర్దుతున్న గోవర్ధన్ అన్న కాడికి వచ్చి, హెల్మెట్ తీసి ఆయన చేతుల పెట్టింది. అప్పుడు చెప్పింది, మెల్లగ, ఎవరికీ వినబడకుండ.

"ఆ దినం పైనున్నోడు ఒక్కపారి గూడ కిందికి చూడలె బిడ్డా. నువ్వు చూస్తవా... చూడవా అని నిలబడ్డ."